లినక్సు కంప్యూటరులో సాఫ్టువేరు ఎక్కించుట: క్రొత్తవారికి ఒక పాఠము

కంప్యూటరు కేవలము యంత్రము. దానిచేత వ్రాయించుటకును, లెక్కలు వేయించుటకును, బొమ్మలు గీయించుటకును వేరువేరు సాఫ్టువేరులు కావలెను. సాఫ్టువేరు లేని కంప్యూటరు ఎద్దులు లేని నాగలి వంటిది. కావున కంప్యూటరు నేర్వగోరు విద్యార్థి మొట్టమొదట తెలిసికొనదగినది, తనకు కావలసిన సాఫ్టువేరును తానే ఎక్కించుకొను విధము.

చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల విద్యార్థులును, వారి తల్లిదండ్రులును లినక్సు పేరు వినియే యుందురు. కాని "అది పండితులకే గాని మనవంటి వారికి కాదు, అందులో చిన్న సాఫ్టువేరు ఎక్కించుటకైనను నల్లని తెరపై ఆంగ్లమున మంత్రములు వ్రాయవలెనట" అను మాట పలువురి నోట వినబడుచున్నది. ఈ భయమునకు పూర్వము కారణము లేకపోలేదు. నేడు ఆ కారణము చాలవరకు తొలగినది. అది తొలగిన విధమును, ఇంకను మిగిలియున్న చిక్కులను, కన్నడ దేశమున తెలుగు చదువుకొను మనకు దీనివలన కలుగు విశేష ప్రయోజనమును ఈ పాఠమున వివరింతుము.

లినక్సు అనగా నేమి?

కంప్యూటరు యొక్క అంగములన్నిటిని నడిపించు మూల సాఫ్టువేరునకు ఆపరేటింగు సిస్టము అని పేరు. విండోసు అట్టిది; లినక్సు అట్టిది. 1983వ సంవత్సరమున అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను విద్వాంసుడు, అందరును స్వేచ్ఛగా వాడుకొనుటకును, పరిశీలించుటకును, మార్చుకొనుటకును, ఇతరులకు పంచుటకును వీలగు ఆపరేటింగు సిస్టమును నిర్మించెదనని ప్రకటించి, దానికి గ్నూ అని పేరిడెను. 1991లో ఫిన్లాండు దేశపు హెల్సింకి విశ్వవిద్యాలయమున చదువుచుండిన లినస్ టోర్వాల్డ్స్ అను యువకుడు, యంత్రమును సూటిగా నడిపించు కెర్నెల్ అను భాగమును వ్రాసి లోకమునకు విడుదల చేసెను. అదియే లినక్సు. ఈ రెంటి కలయికచే ఒక సంపూర్ణమైన సిస్టము ఏర్పడినది.

దీనిని అనేక బృందములు తమతమ పద్ధతులలో కూర్చి, సామాన్యులు వాడుటకు వీలుగా పంపిణీ చేయుచున్నవి. ఇట్టి కూర్పునకు డిస్ట్రిబ్యూషన్ అని పేరు. 1993లో మొదలైన డెబియన్, 2004లో వెలువడిన ఉబుంటు, 2006లో వెలువడిన లినక్సు మింట్ ఇట్టివే. ఉబుంటు డెబియన్ పైనను, లినక్సు మింట్ ప్రధానముగా ఉబుంటు పైనను ఆధారపడి యున్నవి. క్రొత్తవారు ఈ మూడు పేర్లు గుర్తుంచుకొనిన చాలును.

ఇల్లిల్లు తిరుగుట, మార్కెట్టుకు పోవుట

విండోసునకు అలవాటుపడినవారు సాఫ్టువేరు కావలసినపుడు ఏమి చేయుదురు? ఇంటర్నెట్టులో వెదకి, ఏదో యొక చోట దొరికిన ఫైలును దింపుకొని, దానిని నొక్కి ఎక్కించుదురు. ఆ చోటు అసలైనదో నకిలీదో, ఆ ఫైలునందు వైరస్ కలదో లేదో వారికి తెలియదు. లినక్సు నందును ఇట్లే చేయవలెననుకొని వెదకుటవలననే క్రొత్తవారికి చిక్కు కలుగుచున్నది. ఇక్కడి పద్ధతియే వేరు.

శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టును మన జిల్లావారందరు ఎరుగుదురు. నూలు తీయు రీలర్లు గూళ్ల కొరకు ప్రతి రైతు ఇంటికి పోయి విచారింప పనిలేదు. రైతులందరి సరకును ఒక్కచోటికి వచ్చును. అచ్చట తూకము కలదు, లెక్క కలదు, అడుగుటకు అధికారి కలడు. లినక్సు పంపిణీకిని ఇట్టి మార్కెట్టు ఒకటి కలదు. దానిని రిపాజిటరీ అందురు. మనము భాండాగారము అనవచ్చును. పంపిణీ నడుపువారు వేలకొలది సాఫ్టువేరులను సేకరించి, తమ సిస్టమునకు సరిపోవునట్లు కూర్చి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క ప్యాకేజీగా కట్టి ఆ భాండాగారమునందు ఉంచుదురు. 2023లో వెలువడిన డెబియన్ 12వ విడుదలయందు 64 వేలకు పైగా ప్యాకేజీలు కలవు. సరకు కొరకు మనము ఊరూర తిరుగ నక్కరలేదు. మార్కెట్టును అడిగిన చాలును.

మార్కెట్టునకును భాండాగారమునకును ఒక భేదము కలదు. ఇచ్చట వేలము లేదు, వెల లేదు. ఒకరు తీసికొన్నంత మాత్రమున మరియొకరికి తరుగుటయు లేదు.

భాండాగారము నుండి వచ్చు ప్యాకేజీ నమ్మదగినదా యను ప్రశ్నకు సమాధానము డిజిటల్ సంతకము. భాండాగారమునందలి జాబితాపై దాని నిర్వాహకులు గణితశాస్త్ర విధానముచే ముద్ర వేయుదురు. ఆ జాబితాలో ప్రతి ప్యాకేజీ యొక్క గుర్తు వ్రాయబడి యుండును. దారిలో ఎవ్వరైనను ఒక్క అక్షరము మార్చినను గుర్తు సరిపోదు. మన కంప్యూటరు దానిని స్వీకరింపదు. రిజిస్ట్రారు ముద్ర లేని దస్తావేజు చెల్లనట్లే యని తెలియునది.

పూర్వపు కష్టము ఎట్టిది?

1990వ దశకపు మొదటి యేండ్లలో లినక్సు వాడువారు సాఫ్టువేరు యొక్క మూలప్రతిని తెచ్చుకొని, తమ యంత్రముపై తామే దానిని పనిచేయు రూపములోనికి మార్చుకొనవలసి వచ్చెడిది. అంతేకాదు. ఒక సాఫ్టువేరు పనిచేయుటకు మరి రెండు కావలెను. ఆ రెంటికి మరి నాలుగు కావలెను. ఇట్లు ఒకదానికొకటి ఆధారమగు సామగ్రికి డిపెండెన్సీలు అని పేరు. పెండ్లి వంటకు వంటవాడు దొరకిన చాలదు. వానికి పాత్రలు కావలెను, పాత్రలకు పొయ్యి కావలెను, పొయ్యికి కట్టెలు కావలెను. ఇవన్నియు ఇంటి యజమానియే వెదకి తెచ్చుకొనవలసిన యెడల పెండ్లి ముహూర్తము దాటిపోవును. నాటి లినక్సు వాడుకరి స్థితి ఇట్టిది. ఆ కాలపు మాటయే నేటికిని జనులలో నిలిచియున్నది.

ఈ కష్టమును తీర్చుటకు డెబియన్ వారు ఆప్ట్ అను సాధనమును నిర్మించి, 1999లో వెలువడిన డెబియన్ 2.1 విడుదలయందు చేర్చిరి. దీనికి కావలసిన ప్యాకేజీ పేరు చెప్పిన చాలును. అది భాండాగారపు జాబితాను చూచి, కావలసిన ఆధార సామగ్రినంతయు లెక్కించి, వరుసతప్పక తెచ్చి అమర్చును. ఫెడోరా మొదలగు ఇతర పంపిణీలయందును ఇట్టి సాధనములే వేరు పేర్లతో కలవు. తరువాతి కాలమున ఈ సాధనములపై బొమ్మలతోను మీటలతోను కూడిన కిటికీలు నిర్మింపబడినవి. మన ఫోనులయందు ప్లే స్టోరు తెరచి యాప్ దింపుకొనుట ఇప్పుడు పిల్లలకును తెలిసినదే. ఒక్కచోట నుండి సాఫ్టువేరు తీసికొను ఆ పద్ధతి లినక్సు వాడుకరులకు ఫోనులకంటె చాల యేండ్లకు ముందే అలవాటైనది.

ఎక్కించు విధము

లినక్సు మింట్ నందు సాఫ్టువేరు ఎక్కించు క్రమము ఇట్టిది. ఇతర పంపిణీలయందు మీటల పేర్లు కొంత మారవచ్చును గాని, క్రమము ఇదియే.

మొదట కంప్యూటరునకు ఇంటర్నెట్టు కలుపవలెను. ఫోనులోని హాట్‌స్పాట్ చాలును. రెండవది, మెనూలో సాఫ్ట్‌వేర్ మేనేజర్ అనుదానిని తెరువవలెను. మూడవది, వెదకు గడియందు కావలసినదాని పేరు వ్రాయవలెను. పేరు తెలియనిచో, ఆటలు, చదువు, ఆఫీసు, బొమ్మలు అను విభాగములలో చూడవచ్చును. నాల్గవది, ఇన్‌స్టాల్ అను మీటను నొక్కవలెను. అదనముగా రావలసిన ఆధార సామగ్రి యున్నచో ఆ జాబితా తెరపై కనబడును. దానిని చదివి అంగీకారము తెలుపవలెను. ఐదవది, పాస్‌వర్డు వ్రాయవలెను. యంత్రపు యజమాని అనుమతి లేక ఎవ్వరును ఏదియు ఎక్కింపకుండుటకే ఈ కట్టుబాటు. అంతటితో పని ముగిసినది. ఎక్కించిన సాఫ్టువేరు మెనూలో తానే చేరును. వద్దనుకొన్నచో ఆ కిటికీయందే తీసివేయవచ్చును.

నల్లని తెరను గూర్చియు ఒక మాట. దానికి టెర్మినల్ అని పేరు. దానిని వాడి తీరవలెనను నిర్బంధము లేదు. కాని దానియందు భయపడదగినదియు లేదు. నక్షత్రములను చూపు స్టెల్లేరియం అను సాఫ్టువేరు కావలెనన్న, "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ స్టెల్లేరియం" అను నాలుగు మాటలను ఆంగ్లపు చిన్న అక్షరములతో వ్రాసి ఎంటరు నొక్కిన చాలును. సుడో అనగా యజమాని హోదాతో. ఆప్ట్ అనగా ఆ సాధనము. ఇన్‌స్టాల్ అనగా ఎక్కించుము. చివరిది వస్తువు పేరు. ఇది మంత్రము కాదు, కర్తయు క్రియయు కర్మయు గల వాక్యమే. కొన్ని పంపిణీలలో ఇచ్చట పాస్‌వర్డు వ్రాయునపుడు తెరపై చుక్కయైనను కనబడదు. కీబోర్డు చెడినదని క్రొత్తవారు తలంతురు; అది చెడుట కాదు, ప్రక్కవారు చూడకుండ దాచుట. తుదివరకు వ్రాసి ఎంటరు నొక్కవలెను.

ఒకసారి ఎక్కించిన సాఫ్టువేరులకు సవరణలు వచ్చుచుండును. విండోసునందు పలు సాఫ్టువేరులు వేరువేరుగా తమ సవరణలను తామే అడుగుచుండును. లినక్సునందు భాండాగారము నుండి వచ్చినవన్నియు ఒక్క అప్‌డేట్ మేనేజర్ ద్వారానే సవరింపబడును.

తెలుగు, కన్నడములకు ఇందలి సౌకర్యము

ఇప్పుడు మనకు ముఖ్యమైన విషయమునకు వత్తము. మన పిల్లలు ఇంటను బడియందును తెలుగు, రాష్ట్రభాషగా కన్నడము, పైచదువునకు ఆంగ్లము నేర్చుచున్నారు. కైవారము నారాయణ తాతగారు తెలుగునను కన్నడమునను కూడ రచించిరి. రెండు భాషలు కలిసి బ్రతుకుట ఈ నేలకు క్రొత్తగాదు. కాని కర్ణాటకమున కంప్యూటరు అమ్ము అంగడివారికి తెలుగు అమర్చి యిచ్చుట అలవాటై యుండదు. అడుగువారు కొద్దిమంది, అందుచేత అమర్చువారును కొద్దిమంది. అల్పసంఖ్యాక భాషకు ఎల్లెడలను వచ్చు కష్టము ఇదియే: ఎవరో తలచి యిచ్చువరకు వేచియుండవలెను.

భాండాగారము ఈ నిరీక్షణమును తొలగించుచున్నది. డెబియన్, ఉబుంటుల భాండాగారములలో తెలుగు అక్షరరూపములు ప్యాకేజీలుగా సిద్ధముగా నున్నవి. తిరుమల కృష్ణ దేశికాచారిగారు రూపొందించిన పోతన, వేమన అను ఫాంట్లు అందు కలవు. లోహిత్ తెలుగు కలదు. లిబ్రె ఆఫీసు అను వ్రాతపని సాఫ్టువేరునకు తెలుగు మెనూలు గల ప్యాకేజీ కలదు. అక్షరదోషములను చూపు తెలుగు నిఘంటువును, కన్నడ నిఘంటువును వేరువేరు ప్యాకేజీలుగా దొరకును. అచ్చు పుటను ఫొటో తీసినచో దానినుండి అక్షరములను గుర్తించు టెస్సరాక్ట్ అను సాధనమునకు తెలుగు భాగము, కన్నడ భాగము కూడ కలవు. వీనిలో దేనికిని వెల లేదు, ఎవరి అనుమతియు అక్కరలేదు. మార్కెట్టు తలుపు తెలుగువానికి ఎంత తెరచియున్నదో కన్నడిగునికిని అంతే తెరచియున్నది.

కీబోర్డు విషయమున మరియొక విశేషము కలదు. కర్ణాటకమున కన్నడము టైపు చేయువారు సాధారణముగా వాడు అమరికకు కగప అని పేరు. కె. పి. రావుగారు రూపొందించిన ఈ అమరికను కన్నడ గణక పరిషత్తువారు తమ నుడి సాఫ్టువేరునందు ప్రచారములోనికి తెచ్చిరి. ఆ పరిషత్తు పేరులోని మూడు మాటల మొదటి అక్షరములే కగప. లినక్సునందు కీబోర్డు అమరికల జాబితా తెరచినచో కన్నడము కగప మాత్రమే గాక తెలుగు కగప కూడ అందు కనబడును. కె అను మీట కన్నడమునందు క నిచ్చును, తెలుగునందును క నిచ్చును. కావున కన్నడము టైపు చేయ నేర్చిన మన విద్యార్థి తెలుగునకై వ్రేళ్లకు మరల క్రొత్తగా శిక్షణ ఇయ్య నక్కరలేదు. దీనికై ఏదియు దింపుకొన పనిలేదు. సెట్టింగులలో కీబోర్డు అను భాగము తెరచి, ఆ పేరు ఎంచుకొనిన చాలును. ప్రపంచ లిపులన్నిటికిని సంఖ్యలు కేటాయించిన యూనికోడ్ పట్టికలో తెలుగు ముగిసిన వెంటనే కన్నడము మొదలగును. నేలపైనే గాక పట్టికయందును ఈ రెండు భాషలు పొరుగువారే.

హైదరాబాదు కేంద్రముగా పనిచేయు స్వేచ్ఛ అను సంస్థవారు లినక్సునందు తెలుగు మెనూలను, తెలుగు పదజాలమును సమకూర్చుటకు కృషి చేసిరి. వాలంటీర్లు ఒక్కొక్క మాటను అనువదించి పంపగా ఇట్టి ప్యాకేజీలు తయారైనవి. కన్నడ దేశపు తెలుగు విద్యార్థియు ఈ పనిలో పాలుపంచుకొనవచ్చును. తప్పుగా నున్న తెలుగు మాటను సవరించి పంపుటకు పెద్ద పట్టము అక్కరలేదు. భాష తెలిసియుండిన చాలును.

మిగిలియున్న చిక్కులు

అంతయు సులభమే యని చెప్పుట న్యాయము కాదు. తల్లిదండ్రులు ముందుగా తెలిసికొనవలసినవి కొన్ని కలవు.

కొన్ని సాఫ్టువేరులకు లినక్సు ప్రతి లేదు. వ్యాపారుల లెక్కలకు వాడు ట్యాలీ, బొమ్మల పనికి వాడు ఫొటోషాప్ ఇట్టివి. వైన్ అను సాధనముచే కొన్ని విండోసు సాఫ్టువేరులు నడచును గాని, అన్నియు నడువవు. వృత్తికి అట్టిది తప్పనిసరియైనవారు విండోసును ఉంచుకొని, ప్రక్కన లినక్సు పెట్టుకొనుట మేలు.

రెండవది, ఒకే సాఫ్టువేరు రెండు రూపములలో కనబడి క్రొత్తవారిని తికమక పెట్టును. పంపిణీ భాండాగారమే గాక ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ అను వేరు పద్ధతులును కలవు. ఇవి తమకు కావలసిన సామగ్రిలో చాలభాగమును తమతోనే తెచ్చుకొనును. అందుచేత క్రొత్త విడుదలలు త్వరగా దొరకును. కాని మొదటిసారి దింపుకొనునపుడు ఎక్కువ డేటా ఖర్చగును. ఫోను డేటాపై ఆధారపడువారు మొదట పంపిణీ వారి ప్యాకేజీనే ఎంచుకొనుట మంచిది.

మూడవది మిక్కిలి ముఖ్యము. 2021లో కెనడా దేశమున కంప్యూటర్లను గూర్చి వీడియోలు చేయు ప్రసిద్ధుడు లైనస్ సెబాస్టియన్, పాప్ ఓఎస్ అను లినక్సు పంపిణీయందు స్టీమ్ అను ఆటల సాఫ్టువేరును ఎక్కింపబోయెను. ఆ సమయమున భాండాగారములోని ప్యాకేజీయందు ఒక దోషముండెను. స్టీమ్ ఎక్కింపవలెనన్న తెరను నడుపు ముఖ్యభాగములనే తీసివేయవలసి వచ్చునని యంత్రము టెర్మినల్‌లో హెచ్చరించెను. ఆయన ఆ హెచ్చరికను దాటి, చెప్పినట్లు చేయుమని అంగీకారము వ్రాసెను. తెరను నడుపు భాగములన్నియు తొలగిపోయినవి. తరువాత ఆ దోషము సవరింపబడినది. ఆప్ట్ నిర్మాతలును ముఖ్యభాగములు అంత సులభముగా తొలగిపోకుండ కట్టుదిట్టము చేసిరి. ప్రపంచ ప్రసిద్ధునికి జరిగినది మనకును జరుగవచ్చును. యంత్రము ఇన్‌స్టాల్ అనుటకు బదులు రిమూవ్ అను మాటతో పొడవైన జాబితా చూపినచో, అంగీకరింపక నిలిచి, పెద్దలను అడుగవలెను. ఎవరో అపరిచితులు వ్రాసిన టెర్మినల్ ఆజ్ఞలను అర్థము తెలియక ఎక్కించుటయు ఇట్టి ప్రమాదమే. చదువక సంతకము చేయరాదను నీతి పత్రములకే గాక కంప్యూటరునకును వర్తించును.

పాత యంత్రములు, ఖర్చు

విండోసు 10నకు మైక్రోసాఫ్టువారి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. చాల పాత కంప్యూటర్లు విండోసు 11ను స్వీకరింపవు. వానిని మూలకు నెట్టుటకు ముందు లినక్సుతో పరీక్షించుట యుక్తము. లినక్సు మింట్ నడచుటకు కనీసము 2 జీబీ ర్యామ్ చాలును. 4 జీబీ యున్నచో సుఖముగా నడచును. పెన్‌డ్రైవ్ నుండి దానిని నడిపి చూడవచ్చును. అట్లు చూచినంత మాత్రమున లోపలి విండోసునకు హాని కలుగదు. నచ్చినచో ఎక్కించుకొనవచ్చును. ఎక్కించునపుడు మాత్రము ఫొటోలు, పత్రములు వేరొకచోట భద్రపరచుకొనవలెను.

పాఠశాలలలో ఇది సాధ్యమేనా యను సందేహమునకు పొరుగు రాష్ట్రమే సమాధానము. కేరళమున 2001లో ఐటీ ఎట్ స్కూల్ అను ప్రణాళిక ఆరంభమై, ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్లు క్రమముగా లినక్సునకు మారినవి. 2017లో ఆ ప్రణాళిక కైట్ అను సంస్థగా రూపొందినది. అచ్చటి పిల్లలు తమ మలయాళమున కంప్యూటరు వాడుచున్నారు.

మరియొక నైతిక ప్రయోజనము కూడ కలదు. వెల పెట్టలేక దొంగ ప్రతులు ఎక్కించుకొనుట పలుచోట్ల అలవాటైనది. అది చట్టవిరుద్ధము, వానివెంట వైరస్‌లును వచ్చును. లినక్సు భాండాగారమునందలి సాఫ్టువేరులలో అధికభాగమును స్నేహితునికి ప్రతి తీసి యిచ్చుట నేరము కాదు సరికదా, దాని లైసెన్సే అందులకు అనుమతించుచున్నది. పంచుకొనుట తప్పుకాని చోట పిల్లలకు అబద్ధము నేర్ప పనిలేదు.

ముగింపు

సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు మన చిక్కబళ్ళాపురమునకు సమీపమున నున్న ముద్దేనహళ్ళిలో, తెలుగు కుటుంబమున జన్మించి, మైసూరు దేశమునకు ఎనలేని సేవ చేసిరి. ఇంటి భాష తెలుగగుట వారికి ఆటంకము కాలేదు. మన పిల్లలకును కారాదు. తల్లిదండ్రులకు మేము చెప్పునది ఇంతే: పిల్లవాడు కంప్యూటరు అడిగినపుడు, అందు తెలుగు వచ్చునా యని కూడ అడుగుడు. రాదని అంగడివారు చెప్పినచో చింతింప నక్కరలేదు. తెలుగును తెచ్చుకొను మార్గము మీ పిల్లవాని చేతిలోనే యున్నది. ఒక పేరు వ్రాసి, ఒక మీట నొక్కి, వచ్చిన జాబితాను శ్రద్ధగా చదువుట, నేర్వవలసినది అంతే.

అభ్యాసములు

1. భాండాగారమునకును శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టునకును గల పోలికలు, భేదములు వ్రాయుడు.

2. డిపెండెన్సీలు అనగా నేమి? వంట ఉపమానము గాక మీ ఊరి పనిపాటలనుండి మరియొక ఉపమానము చెప్పుడు.

3. 2021లో జరిగిన సంఘటనవలన మనము నేర్వదగిన జాగ్రత్త యెట్టిది?

4. స్టెల్లేరియం ఎక్కించి, మీ ఊరి పేరు ఎంచుకొని, ఈ రాత్రి ఎనిమిది గంటలకు తూర్పున కనబడు నక్షత్రముల పేర్లు తెలుగునను కన్నడమునను వ్రాసి తెండు.

5. కగప అమరికలో మీ పేరు, మీ ఊరి పేరు రెండు లిపులలోను టైపు చేయుడు. ఏయే మీటలు రెండింటికిని ఒక్కటేయో గుర్తింపుడు.